కారు ఉయ్యాల

మూడో నెల వచ్చాక మా బాబుని తీసుకుని నరసన్నపేట దగ్గర మా పుట్టింటి నుంచి విజయనగరంలో అత్తవారింటికి బయలుదేరాం. ఏప్రిల్ నెల. ఉదయం ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. నాన్న సారె సామాన్లు డిక్కీలో సర్దుతున్నారు. చలిమిడి గిన్నె, పాకుండల డబ్బా, అరిసెల డబ్బాలు రెండు. వాటిని నైలాన్ తాడుతో అడ్డంగా, నిలువుగా కట్టి, కదులుతున్నాయేమోనని చేత్తో ఊపి చూశారు. "ఎందుకు నాన్నా అంత కట్టడం?" అంటే, "బ్రేకు ఏస్తే అరిసెలు ఇరిగిపోతాయమ్మా" అన్నారు.

అమ్మ హారతిచ్చింది. బాబు అరికాలికి దిష్టి చుక్క పెట్టింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. నేను ముందు సీట్లో కూర్చుని, బాబుని టర్కీ టవల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. బెల్టు పెట్టుకోలేదు. ఆపరేషన్ కుట్ల మీద ఒత్తుకుంటుందని భయం. ఆ కారులో గట్టిగా కట్టినవి అరిసెలు మాత్రమేనని నాకప్పుడు తట్టలేదు.

రణస్థలం దాటాక సర్వీసు రోడ్డు పొడవునా మొక్కజొన్న ఆరబోసి ఉంది. మా వైపు ఏటా చూసేదే. గింజల మీద నడపడం ఇష్టం లేకో, యూటర్ను దాకా వెళ్ళే ఓపిక లేకో, ఒక ఆటో హైవే మీదికి ఎక్కి మాకు ఎదురుగా వచ్చేసింది. మా ఆయన బ్రేకు తొక్కారు. కారు ఆగింది, ఆటోవాడు పక్కనుంచి వెళ్ళిపోయాడు, వెనక లారీ హారను కొట్టుకుంటూ దాటిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు.

నేను కిందికి చూసుకుంటే నా రెండు చేతుల్లో టవలుంది. టవల్లో బాబు లేడు. జారి నా మోకాళ్ళకీ డాష్‌బోర్డుకీ మధ్య ఇరుక్కున్నాడు. వాడి తలకీ ఆ ప్లాస్టిక్ అంచుకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉందేమో. నేనేం నిద్రపోవడం లేదు, గట్టిగా పట్టుకున్నాననే అనుకుంటున్నాను. వాడు ఒక్క క్షణం ఆగి, తర్వాత ఏడుపు అందుకున్నాడు. వాడి కంటే ముందు నేను ఏడ్చానని మా ఆయన ఇప్పటికీ అంటారు.

ఇక్కడ సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. తొమ్మిదో తరగతికి గమన నియమాల పాఠం పదకొండేళ్ళుగా చెబుతున్నాను. 'బస్సు హఠాత్తుగా ఆగితే లోపలివాళ్ళు ముందుకెందుకు తూలుతారు?' అని పిల్లల్ని అడగడం, 'జడత్వం వల్ల టీచర్' అని వాళ్ళు ఒకే గొంతుతో అరవడం. ఆ జడత్వం నా ఒళ్ళోని బిడ్డకీ ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. పాఠం బళ్ళో ఉండిపోయింది, నేను కారెక్కాను.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. బాబు బరువు ఐదున్నర కిలోలు. ఎంత గట్టిగా బ్రేకు తొక్కినా వాణ్ణి ముందుకి తోసే బలం వాడి బరువుని మించదు. అంటే ఆ రోజు నేను ఆపాల్సింది ఐదున్నర కిలోల లోపే, దాన్నే ఆపలేకపోయాను. అదే గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నైనా గుద్ది సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోతే ఆ బలం వాడి బరువుకి పద్నాలుగు రెట్లవుతుంది. ఎనభై కిలోలకి దగ్గర. పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు ఒకేసారి మీదికి విసిరి, రెప్పపాటులో పట్టుకోమన్నట్టు. ఇంకోలా చెప్పాలంటే, 50 వేగంతో గుద్దుకోవడం మూడంతస్తుల మేడ మీంచి కింద పడడంతో సమానం. మేడ మీద పిట్టగోడ లేకపోతే మనం బిడ్డనెత్తుకుని అంచు దాకా వెళ్ళం.

'తల్లి ఒడిని మించిన చోటు బిడ్డకి ఏముంటుంది' అని చుట్టాల్లో చాలామంది అన్నారు. నాతో ఈ మాట అన్నవాళ్ళంతా నా మంచి కోరేవాళ్ళే. మంచం మీద, అరుగు మీద, ఆ మాటకొస్తే ఆగి ఉన్న కారులో, నేనూ ఒప్పుకుంటాను. కదిలే కారులో మాత్రం ఒప్పుకోను. బెల్టు పెట్టుకోని తల్లి తనే ముందుకెళ్ళి డాష్‌బోర్డుకి కొట్టుకుంటుంది, మధ్యలో బిడ్డ ఉంటాడు. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టడం ఇంకా ఘోరం. తల్లి బరువంతా బిడ్డని బెల్టుకేసి నొక్కేస్తుంది.

ఈ వాదన మన ఊళ్ళలోనే ఉందనుకోకండి. అమెరికాలో టెనెసీ రాష్ట్రం 1977లో, పిల్లల్ని వాళ్ళ కోసం చేసిన కారు సీట్లో కట్టి కూర్చోబెట్టాల్సిందేనని దేశంలోనే మొదటిసారి చట్టం చేసింది. దాని వెనక పడి సాధించినవాడు రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు. కానీ శాసనసభలో ఒక మినహాయింపు దూర్చారు: పెద్దవాళ్ళు చేతుల్లో ఎత్తుకుంటే సీటు అక్కర్లేదట. శాండర్స్ వైపు వాళ్ళు ఆ మినహాయింపుకి పెట్టిన పేరు 'చైల్డ్ క్రషర్', పిల్లల్ని నలిపేసేది. మళ్ళీ పోరాడి, 1981లో దాన్ని తీయించేదాకా ఊరుకోలేదు. అది చదివాక మా చుట్టాల మీద కోపం తగ్గింది. శాసనసభ్యులకే నాలుగేళ్ళు పట్టింది, మా పెద్దత్తకి నాలుగు రోజుల్లో ఎక్కాలంటే ఎలా?

మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194బి అనే సెక్షన్ పెట్టారు. 14 ఏళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ, వాళ్ళ కోసం చేసిన సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. నరసన్నపేట నుంచి విజయనగరం దాకా హెల్మెట్ కోసం నన్నూ మా తమ్ముణ్ణీ ఆపినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒళ్ళో బిడ్డ గురించి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. పోలీసులకంటే ముందు అడగాల్సింది ఆసుపత్రివాళ్ళని నా అభిప్రాయం. డిశ్చార్జి రోజు నా చేతిలో ఫైలు పెట్టారు, టీకాల కార్డు పెట్టారు, కుట్లు తడవకుండా చూసుకోమన్నారు, బాలింత పథ్యం గురించి ఆయా పావుగంట చెప్పింది. 'ఇంటికి దేంట్లో వెళ్తున్నారమ్మా, బిడ్డని ఎలా కూర్చోబెడతారు?' అని ఎవరూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న డిశ్చార్జి కాగితంలో అచ్చు వేయిస్తే అయ్యే ఖర్చెంత?

(కారు వెనక 'బేబీ ఆన్ బోర్డ్' స్టిక్కరు అంటించుకున్నవాళ్ళని ఈ మధ్య లెక్కపెడుతున్నాను. స్టిక్కరున్న కారులో బిడ్డ స్టీరింగు ముందు తండ్రి ఒళ్ళో కూర్చుని హారను కొడుతుండడం రెండుసార్లు చూశాను.)

'మేం మెల్లగా వెళ్తాం' అనేది రెండో వాదన. మా ఆయన కూడా ఆ రోజు మెల్లగానే వెళ్తున్నారు. మన వేగం మన చేతిలో ఉంటుంది, ఎదుటివాడిది ఉండదు. కేంద్ర మాజీ మంత్రి ఎర్రన్నాయుడు గారి సంగతి శ్రీకాకుళం జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. 2012 నవంబరు 2న, ఇదే హైవే మీద, ఇదే రణస్థలం దగ్గర, కారు ట్యాంకరుని ఢీకొని ఆయన పోయారు. అంత పెద్ద నాయకుడికే తెల్లవారేసరికి అలా అయిందంటే, మా నాన్న వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ రోడ్డు మీదే మళ్ళీ నా బిడ్డని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను.

సరే, బాబుకి కారు సీటు కొన్నాం. పుట్టినప్పటి నుంచి 13 కిలోల దాకా పనికొచ్చే రకం, ఏడు వేల చిల్లర అయింది. బాబు బారసాలకి భోజనాల ఖర్చు ముప్ఫై వేలు దాటింది కాబట్టి డబ్బు గురించి ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేకపోయారు. కొనేముందు చూడాల్సింది రంగూ మెత్తదనం కాదు, వెనక అంటించిన పరీక్ష స్టిక్కరు. మన దేశపు ప్రమాణం ఏఐఎస్-072, ఐరోపావి ఆర్44, ఆర్129. ఇవేవీ లేనిది ఎంత ముద్దొచ్చినా అది ఇంట్లో కూర్చోబెట్టుకునే కుర్చీ కిందే లెక్క.

ఈ సీట్లో బిడ్డ ముఖం కారు వెనకవైపుకి ఉంటుంది. అది చూసి మా ఇంట్లో అందరూ తిరగబెట్టారేమో అనుకున్నారు. అలా ఉండడమే దాని కిటుకు. పసిబిడ్డ ఒడ్డూ పొడవులో తలే పావు వంతు, మెడేమో ఇంకా నిలబడి ఉండదు. ముఖం ముందుకుండి కారు గుద్దుకుంటే ఒంటిని పట్టీలు ఆపుతాయి, తలని ఆపేది ఆ లేత మెడ ఒక్కటే. ముఖం వెనక్కుంటే తల, మెడ, వీపు మొత్తం సీటు వీపులోకి ఒకేసారి ఒత్తుకుంటాయి, బలం అంతటా పంచుకుపోతుంది. ఈ ఆలోచన 1960లలో స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆయనకి వచ్చింది. జెమిని అంతరిక్ష నౌకలో వ్యోమగాములు పైకి లేచేటప్పుడు వెల్లకిలా పడుకుని వీపుతో బలాన్ని తట్టుకోవడం చూసి పిల్లలకి అలాంటి సీటు చేశాడు. ఇది మా తొమ్మిదో తరగతికి చెబితే, 'అయితే మీ బాబు వ్యోమగామా టీచర్?' అన్నాడు వెనక బెంచీవాడు.

బిగించడం మాత్రం చెప్పినంత తేలిక కాదు. మాది పాత వ్యాగన్ఆర్, పిల్లల సీటుని నేరుగా తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు లేవు. కారు బెల్టుతోనే కట్టాలి. వెనక సీటు మధ్యలో పెడదామంటే అక్కడ నడుం బెల్టు ఒక్కటే ఉంది, అందుకని ఎడమ పక్కన పెట్టాం. మా తమ్ముడు, మా ఆయన వసారా ముందు కారు తలుపులు బార్లా తీసి గంటన్నర కుస్తీ పట్టారు. బెల్టు చాలడం లేదని ఒకరు, సీటు చెడిపోయిందని ఒకరు. చివరికి దొరికిన తప్పేమిటంటే బెల్టుని వేరే దారిలో తిప్పుతున్నారు. సీటు పక్కల్లో నీలం రంగు గుర్తులుంటాయి. వెనక్కి తిప్పి పెట్టే సీటుకి బెల్టు ఆ నీలం గుర్తుల్లోంచే వెళ్ళాలి. నడుం బెల్టు బిడ్డ కాళ్ళ వైపు నుంచి, భుజం బెల్టు సీటు వీపు చుట్టూ. అలా తిప్పితే సరిగ్గా సరిపోయి టక్కుమంది. ఆ తర్వాత బెల్టు వెళ్ళే చోట సీటుని పట్టుకుని ఊపి చూడాలి, అంగుళం మించి కదలకూడదు. నాన్న వచ్చి, అరిసెల డబ్బాని ఊపినట్టే ఊపి, తలాడించారు.

లోపలి పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులోనో, కాస్త కిందుగానో మొదలవ్వాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత రాకూడదు. వస్తే వదులుగా ఉన్నట్టు. స్వెట్టరు, టవలు లాంటివి పట్టీల కింద వద్దు, చలైతే పైన కప్పండి. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాని ఎదురుగా ఈ సీటు పెట్టనే కూడదు. అది తెరుచుకునే దెబ్బ నేరుగా బిడ్డ తల వెనక పడుతుంది.

కొత్త కారు కొనేవాళ్ళకి ఒక మాట. 2023 అక్టోబరు నుంచి మన దేశంలో కార్లని గుద్దించి చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు ఉన్నాయి. అందులో పెద్దవాళ్ళకి 32 మార్కులకి, పిల్లలకి 49 మార్కులకి వేరువేరుగా లెక్క కడతారు. షోరూంలో ఐదు నక్షత్రాలని చెబితే పిల్లలవి ఎన్నో విడిగా అడగండి. ఏడాదిన్నర, మూడేళ్ళ పిల్లల సైజు బొమ్మల్ని సీట్లలో కట్టి 64 వేగంతో గుద్దిస్తారు. ఏ బొమ్మనీ ఇంకో బొమ్మ ఒళ్ళో కూర్చోబెట్టరు.

ఇంతా చేశాక అసలు అడ్డంకి విజయనగరంలో ఎదురైంది. పైడితల్లమ్మ గుడికి వెళ్దామని బాబుని సీట్లో పెట్టి పట్టీలు బిగిస్తుంటే మా అత్తయ్య గుమ్మంలో నిలబడిపోయారు. "ఏటమ్మా ఇది? పసిగుంటని కుర్చీకి కట్టేస్తారేటి? ఎవులైనా చూస్తే ఏటనుకుంటారు?" ఆవిడ బాధ కుర్చీతో కాదు, కట్టడంతో. మనం కట్టేది పశువుని, దొంగని. ఇంకో కట్టడం కూడా ఉంది, దాని పేరు పురిటి ఇంట్లో ఎత్తరు. ఆవిడ కళ్ళకి ఏం కనబడిందో నాకర్థమైంది.

నేను టీచర్ని కదా, ప్రయోగం చేసి చూపిద్దామనుకున్నాను. ఐదున్నర కిలోల బియ్యం సంచిలో పోసి, ఆవిణ్ణి వెనక సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టి, సంచి ఒళ్ళో పెట్టి, ఖాళీ మైదానంలో పాతిక వేగం మీద మా ఆయన చేత బ్రేకు వేయించాను. సంచి పడలేదు. ఆవిడ గట్టిగా వాటేసుకుని, "సూడు, పట్టుకున్నానా లేదా?" అన్నారు. బ్రేకు వేస్తామని ముందే చెప్పాం మరి. నా జీవితంలో ఇంత ఘోరంగా విఫలమైన ప్రయోగం ఇంకోటి లేదు. బ్రేకుకీ గుద్దుకోవడానికీ పదిహేను రెట్ల తేడా ఉంటుందని చెబుతుంటే మా ఆయన అద్దంలో చూసి నవ్వుతున్నారు.

ఆవిణ్ణి ఒప్పించింది భౌతికశాస్త్రం కాదు, ఒక మాట. రెండ్రోజుల తర్వాత బాబు ఆ సీట్లోనే నిద్రపోతుంటే, "అత్తయ్యా, మీ అబ్బాయిని ఉయ్యాల్లో వేసినప్పుడు పడిపోకుండా ఏం చేసేవారు?" అని అడిగాను. "చీర చెంగుతో అడ్డంగా ముడేసేదాన్ని" అన్నారు. "ఇదీ అంతే, కారు ఉయ్యాల." ఆవిడ ఏమీ అనలేదు. సాయంత్రం ఎదురింటావిడ వచ్చి అడిగితే మాత్రం, "కారు ఉయ్యాలమ్మా, ఇప్పుడందరూ ఇందులోనే ఏస్తన్నారు" అని చెప్పారు. అందరూ ఎవరో నాకు తెలియదు. ఆ సీటు హ్యాండిల్‌కి నల్లతాడు కూడా కట్టారు. నేను విప్పలేదు. దిష్టి చుక్కకీ బెల్టుకీ తగవు లేదు, రెండూ కలిపి రెండు నిమిషాల పని.

ఇక్కడితో కష్టాలు తీరాయని చెప్పను. పిల్లలు ఏడుస్తారు. మా వాడు మొదటి వారం సీటు చూస్తేనే గుక్క పట్టాడు. ఏడుపు ఆపడానికి కదిలే కారులో బయటికి తీయడమే అందరం చేసే తప్పు. పాలివ్వాలంటే బండి ఆపాలి. మేం నరసన్నపేట వెళ్తే సింగుపురంలో ఒకసారి, నాతవలసలో ఒకసారి పెట్రోలు బంకు నీడలో ఆపుతాం. గంటన్నర ప్రయాణం మూడు గంటలైంది, అవనీ. ఎలాగూ పసిబిడ్డని ఆ సీట్లో ఏకబిగిన రెండు గంటలు మించి ఉంచకూడదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళ సంగతి డాక్టర్ని అడిగి మరీ చూసుకోవాలి. మెడ వాలి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి అందదు, అందుకే ఒకరు వెనక పక్కన కూర్చుని చూస్తుండాలి. ఆ కూర్చునేవాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాలి. గుద్దుకున్నప్పుడు అరవై కిలోల అమ్మమ్మ వచ్చి మీద పడితే బిడ్డ సీటు ఎంత మంచిదైనా ఏం లాభం? కుట్ల భయం ఉన్నవాళ్ళు నడుం బెల్టుని పొట్ట మీంచి కాకుండా తొడలకీ తుంటికీ ఆనేలా కిందికి దించి, కావాలంటే మధ్యలో మెత్తటి గుడ్డ పెట్టుకోండి. నేను అదే చేశాను, కుట్లకేమీ కాలేదు.

బిడ్డ నిద్రపోతున్నాడు కదాని కారులో వదిలేసి కొబ్బరిబొండాల కోసం దిగడం అస్సలు వద్దు. ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లో పది డిగ్రీలు పెరుగుతుంది, పసివాళ్ళ ఒళ్ళు పెద్దవాళ్ళ కంటే మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది.

ఇదంతా కారున్నవాళ్ళ గొడవ అని మా స్కూల్లో తోటి టీచరు ఒకావిడ అన్నారు. నిజమే. మా దగ్గర ఎక్కువమంది బిడ్డలు ఆసుపత్రి నుంచి ఆటోలోనో బైకు మీదో ఇంటికొస్తారు. బైకు గురించి 2022లో నిబంధన వచ్చింది: నాలుగేళ్ళ లోపు పిల్లల్ని నడిపేవాళ్ళకి కట్టే పట్టీ ఉండాలి, తొమ్మిది నెలలు దాటినవాళ్ళకి హెల్మెట్, వేగం 40 దాటకూడదు. తొమ్మిది నెలల లోపు బిడ్డ తలకి హెల్మెట్ లేదు, కాబట్టి బైకు కూడా లేదనే నేను అర్థం చేసుకున్నాను. ప్రభుత్వాసుపత్రిలో పురుడైతే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఇంటి దాకా దింపుతుంది. 'దగ్గరే కదా, బైకు మీద పోదాం' అని దాన్ని వదులుకోకండి. ఆటోనే గతి అయితే వెనక సీటు మధ్యలో కూర్చుని, హైవే ఎక్కకుండా ఊరి రోడ్డునే వెళ్ళమనండి. అది క్షేమమని నేను అనను, తక్కువ చెడ్డ. మనుషులు ఆటోలో వెళ్తారు కాబట్టి కారున్నవాడు సీటు కొనక్కర్లేదనే మాట మాత్రం నాకు మింగుడు పడదు. పన్నెండు లక్షల కారుకి ఇరవై వేలు పెట్టి సీటు కవర్లు వేయించుకున్నవాళ్ళే నాతో ఆ మాటన్నారు.

మా బాబు ఇప్పుడు 13 కిలోలకి దగ్గరపడ్డాడు, వాడికి పెద్ద సీటు వచ్చింది. చిన్నది బొబ్బిలిలో మా పిన్ని కూతురికి ఇచ్చాను. అందరి దగ్గరా పాత సీటు తీసుకోవద్దు. ఒకసారి ప్రమాదం చూసిన సీటు పైకి బాగున్నా పనికిరాదు, ప్లాస్టిక్‌కి గడువు కూడా ఉంటుంది. ఇది మాది, ఏ దెబ్బా తగలలేదని నాకు తెలుసు. పిన్ని కూతురికి డెలివరీ అయి మూడు రోజులైంది. డిశ్చార్జి రోజు పొద్దున్నే ఆసుపత్రి పార్కింగు నుంచి ఫోను చేసింది. వెనక వాళ్ళాయన విసుక్కోవడం, ఎవరో పెద్దావిడ "ఒళ్ళో ఎట్టుకో అమ్మా, ఎండెక్కిపోతంది" అనడం వినిపిస్తున్నాయి.

"అక్కా, బెల్టు చాలట్లేదే. చెడిపోయిందా ఇది?"

"నీలం గుర్తుల్లోంచి తిప్పారా?"

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత టక్కుమంది.